జపాన్ డ్రమ్ముల చావి

సిద్దిపేటలో నజీర్లు చాలామందే ఉన్నారు. గడియారాల నజీర్ ఉన్నాడు, టైర్ల నజీర్ ఉన్నాడు, రెండిళ్ల నజీర్ కూడా ఉన్నాడు, ఆయన సంగతి మనకు వద్దు. మన నజీర్‌ను మాత్రం జపాన్ నజీర్ అంటే తప్ప పోస్టుమన్ కూడా గుర్తుపట్టడు. అలాగని ఆయన జపాన్ పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. పెళ్లిళ్ల బ్యాండులో ముప్ఫై ఏళ్లుగా మెడకు సైడు డ్రమ్ము తగిలించుకుని బరాత్‌ల ముందు నడిచిన మనిషి. నడిచీ నడిచీ మోకాళ్లు అరిగాయి. వాయించీ వాయించీ ఎడమ చెవి మందగించింది. ఆ చెవి సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

జపాన్ అనే పేరు ఆయనకు ఇంటి వెనకగదిలో ఉన్న డ్రమ్ముల సెట్టు వల్ల వచ్చింది. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదులో ఒక హోటల్లో ఆరు నెలలు పనిచేశాడు. అక్కడ సాయంత్రాలు పాటల బృందం ఉండేది. డ్రమ్ములు తుడవడం నజీర్ పని. వాయించేవాడు రానినాడు వాయించడం కూడా నజీర్ పనే అని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు ఎదురుచూశాడు. ఆ వాయించే మహానుభావుడు ఒక్కరోజు మానితే ఒట్టు, జలుబు చేసినా జేబురుమాలు పట్టుకుని వచ్చేవాడు. చివరికి హోటలు వాళ్లు బృందాన్నే మానిపించి టేపురికార్డరు పెట్టుకున్నారు. ఈ బకెట్లు నువ్వే పట్టుకుపో అన్నాడు మేనేజరు. నజీర్ వాటిని సిద్దిపేట బస్సు టాపు మీద కట్టి, దారంతా తానూ పక్కనే కూర్చుని తెచ్చుకున్నాడు.

పెద్దది ఒకటి, దాని నెత్తిన కూర్చునే చిన్నవి రెండు, మూడు కాళ్ల మీద నిలబడేది ఒకటి, అడుగున తీగెల పట్టీ ఉన్నది ఒకటి. మొత్తం అయిదు. పైన ఎర్రగా తళతళలాడే ప్లాస్టిక్ తొడుగు, లోపల అట్టముక్కంత పల్చటి చెక్క. ఖరీదైన సెట్టు కొనలేనివాళ్ల కోసం జపాన్ వాళ్లు ఓ కాలంలో చవగ్గా చేసి ఓడలకెత్తిన రకం. చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంటుంది, కొడితే మాత్రం రేకు డబ్బా. నజీర్ ఆదివారం ఆదివారం దాన్ని ముందరేసుకుని, బోల్టులు తిప్పే చిన్న చావితో కిర్రుకిర్రుమని బిగించి, కొట్టి, ముఖం చిట్లించి, మళ్లీ బిగించేవాడు. బ్యాండులో సైడు డ్రమ్మును ఎంత బిగిస్తే అంత పలుకుతుంది. ఆయనకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. పాతికేళ్లలో ఆ సెట్టును నలుగురి ముందు ఒక్కసారి కూడా వాయించలేదు. వాయించాలన్న కోరిక మాత్రం చావలేదు.

ఆయన భార్య జైనబ్ బీ. ఎండాకాలం వచ్చిందంటే గల్లీలో ఆడవాళ్లు కుండలు కొనడానికి ఆమెను వెంటబెట్టుకుపోతారు. వేలి కణుపుతో కుండను చుట్టూ కొట్టి చూసి, ఇది తీసుకో, అది వద్దు అంటుంది. ఆమె వద్దన్న కుండను కుమ్మరి కూడా పక్కన పెట్టేస్తాడు. మొగుడూ పెళ్లాలు ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుకుంటారు. మనసు బాగున్నప్పుడు ఉర్దూ, కోపమొస్తే తెలుగు. అందుకే ఈ కథలో ఎక్కువగా తెలుగే వినబడుతుంది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. సోమవారం పొద్దున జైనబ్ బీ వెనకగది గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టి నిలబడింది.

"వచ్చే సోమవారం అల్లుడు దుబ్బాక నుంచి యాస్మిన్‌ను ఆటోల తోల్కొస్తడట. తొలి కాన్పు. పిల్లను ఏడ పండవెట్టాలె, గీ డబ్బాల నెత్తి మీదనా?" అంది.

"అటూ ఇటూ జరుపుత," అన్నాడు నజీర్.

"ఇరవై అయిదేండ్ల సంది జరుపుతనే ఉన్నవ్. శుక్రవారం జుమ్మా నమాజు అయినంక గవి నా ఇంట్ల ఉండొద్దు. ముస్తఫాకు చెప్పిన, బండి తెస్తడు."

ముస్తఫా ఆమె తమ్ముడు, పాత సామాన్ల వ్యాపారం. వాడికి ఆ డ్రమ్ముల మీద ఎప్పటినుంచో కన్ను. వాటిని చూసినప్పుడల్లా, ఇనుము ఇనుముకు, చెక్క పొయ్యిలకు అనేవాడు. బావ ముందరే అనేవాడు, సిగ్గులేని వెధవ. నజీర్ తల గోక్కున్నాడు. కూతురి కాన్పు ముందు డ్రమ్ముల మాట ఎత్తితే ఏ మొగుడికైనా మర్యాద మిగలదు.

అదృష్టం అన్నది సమ్మెలో కూడా పనిచేస్తుందేమో, ఆ మధ్యాహ్నమే సిద్ధయ్య సారు వచ్చాడు. లెక్కల మాస్టరు, ఉద్యమ కమిటీలో పెద్ద. గురువారం సాయంత్రం కాలేజీ మైదానంలో ధూంధాం పెట్టారు. ఆటా పాటా, డప్పులు, ఊళ్ల నుంచి జనం. దానికి హైదరాబాదు నుంచి డ్రమ్ముల సెట్టు తెప్పిస్తున్నారు.

"వ్యాను రాలేదు నజీర్ భాయ్," అన్నాడు సిద్ధయ్య సారు, కుర్చీలో కూలబడి. "దారిల ములుగు కాడ రోడ్డు మీద వంటా వార్పు వెట్టిన్రు. గుండిగలల్ల పప్పు ఉడుకుతుంది, బండి పోనియ్యమన్నరట. డ్రైవరు వాపస్ పోయిండు. ఇగ సమ్మె అయ్యేదాక రానంటుండు."

"మనోళ్లే గద సార్, చెప్పకపోయిన్రా?"

"ఏమని చెప్తం. చీమను గూడ కదలనియ్యం అని కరపత్రం రాసింది నేనే."

నజీర్ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తెచ్చే నెపంతో లోపలికి వెళ్లి వచ్చాడు. సారు నీళ్లు తాగి అసలు సంగతికి వచ్చాడు. కరెంటు మీద నడిచే ప్యాడ్లు ఊళ్లో ఉన్నాయి, కాని బొగ్గుబావులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటుతో పని లేని సెట్టు సిద్దిపేటంతటికీ ఒక్కటే ఉంది.

"బుధవారం అయిదింటికొచ్చి వింట," అన్నాడు సారు. "మంచిగుంటే స్టేజీ మీద నువ్వే. లేకుంటే ఉత్త డప్పులతోని కానిస్తం. ఏమనుకోకు, ఊరంత అది డబ్బా సప్పుడని అంటరు."

సారు వెళ్లగానే నజీర్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "జైనబ్, ఊరు ఊరంత విని బాగుందంటే, గప్పుడు గూడ ముస్తఫాకేనా?"

ఆమె రొట్టె తిప్పుతూ వెనక్కి చూడలేదు. "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. ముందుగాల నా చెవికి బాగనిపియ్యని. గప్పుడు సూద్దం. లేకుంటే శుక్రవారమే."

మంగళవారం పొద్దున్నే నజీర్ పర్శరాములు ఇంటికి వెళ్లాడు. పర్శరాములు డప్పు కట్టడంలోనూ కొట్టడంలోనూ సిద్దిపేట చుట్టుపక్కల పేరున్నవాడు, అరవై దాటినా ఇంకా నడుం వంగలేదు. ఇద్దరికీ మామా అల్లుడా అని పిలుచుకునే వరస. నజీర్ గోడు విని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెంట వచ్చాడు. వాకిట్లో అయిదు డ్రమ్ములనూ వరసగా పెట్టి, ఒక్కొక్కటి చేత్తో కొట్టి చూశాడు.

"అల్లుడా, నువ్వు బిగిచ్చి బిగిచ్చి దీని పాణం తీసినవ్," అన్నాడు. "ముందుగాల విప్పు."

విప్పారు. పర్శరాములు ఒక డ్రమ్మును వాకిట్లో షాబాదు బండ మీద బోర్లించి, నేల మీద బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి చూశాడు. అంచుకీ బండకీ మధ్య నుంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. అంచు ఎత్తుపల్లాలుగా ఉంటే తోలు సరిగ్గా కూర్చోదు, కూర్చోకపోతే పలకదు అన్నాడు. డప్పు చట్రానికి ఎంత సత్యమో జపాన్ చెక్కకూ అంతే. బండ మీద గరుకు కాగితం పరిచి, డ్రమ్మును బోర్లించి గుండ్రంగా రుద్దుతూ మధ్యాహ్నం దాకా ఇద్దరూ అంచులు సమం చేశారు. లేచిపోయిన ఎర్ర తొడుగును చింతగింజల జిగురుతో అతికించారు. నజీర్‌కు గుండె నిండింది. తన డ్రమ్ములను ఇంకొకరు మర్యాదగా పట్టుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

అక్కడిదాకా బాగానే ఉంది. ప్లాస్టిక్ తోళ్లు మళ్లీ ఎక్కించాక, మూడు కాళ్ల డ్రమ్మును కొట్టి చూసి పర్శరాములు పెదవి విరిచాడు. వదులుగా ఉంది. అంతే, నలభై ఏళ్ల అలవాటు చేతుల్లోంచి లేచింది. డప్పు వదులైతే ఏం చేస్తారు? వరిగడ్డి మంట వేసి సెగ చూపిస్తారు. తోలు ముడుచుకుని కంగుమంటుంది. గడ్డి అంటుకుంది, ఆయన డ్రమ్మును సెగకు పట్టాడు. నజీర్ అవతలి నుంచి పట్టుకున్నాడు. అది తోలు కాదన్న సంగతి ఆ క్షణాన ఇద్దరు వస్తాదుల్లో ఒక్కరికీ తట్టలేదు.

తెల్లటి తోలు మొదట బాగా బిగిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నారు. తర్వాత నూనెలో వేసిన అప్పడంలా నాలుగుచోట్ల పొంగింది, నడుమ బెజ్జం పడింది, పాడు వాసన వేసింది. వంటింట్లోంచి జైనబ్ బీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి ఆ దృశ్యం చూసింది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. మీరు మద్దెలనే కాలవెట్టిన్రు," అంది. "ముస్తఫాకు ఒక పని తప్పింది."

 పర్శరాములు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "తప్పు నాది బిడ్డా. దుకాణాలన్ని బందున్నయ్, గసుంటి తోలు ఇప్పుడు దొరకది. నా కొత్త డప్పుకని మేకతోలు నానవెట్టిన. గదే దీనికి కడ్త."

కట్టాడు కూడా. సాయంత్రం దాకా కూర్చుని, తోలును ఇనుప రింగు కింద సాగదీసి, నీడన ఆరబెట్టి వెళ్లాడు. జపాన్ ఒంటికి సిద్దిపేట మేకతోలు అన్నమాట. వియ్యం కుదిరిందో లేదో తెల్లారితే గాని తెలియదు.

బుధవారం పొద్దుటికి తోలు ఆరింది. నజీర్ నిన్న పర్శరాములు చెప్పిన మాట విన్నాడు, ఒప్పుకున్నాడు, రాత్రి నిద్రలో మరిచిపోయాడు. చావి చేతికి రాగానే కిర్రుకిర్రుమని బిగించడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ల శాస్త్రం అంత తేలిగ్గా పోతుందా. పెద్ద డ్రమ్ము మొదలుకుని అన్నీ ఆఖరి మర దాకా బిగించి, కర్రలు తీసుకుని కొట్టాడు. అదే రేకు డబ్బా. అంచులు రుద్దింది, జిగురు పెట్టింది, మేకతోలు కట్టింది అంతా గంగలో కలిసింది. ఇంకా బిగించి మళ్లీ కొట్టాడు. గోడ అవతలి నుంచి ఎవరో కిటికీ మూసుకున్నారు. మధ్యాహ్నం మూడయింది. అయిదింటికి సిద్ధయ్య సారు వస్తాడు.

జైనబ్ బీ వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఒక దెబ్బ ఓర్చుకుంది, పది ఓర్చుకుంది. ఇక ఓర్వలేక చేట పక్కన పెట్టి లేచింది. ఆయన చేతిలో కర్ర లాగేసి, ఒక చిన్న డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, వేలి కణుపుతో అంచు దగ్గర టక్కుమని కొట్టింది. కాస్త జరిగి మళ్లీ కొట్టింది. ఒక్కో బోల్టు దగ్గర ఒక్కో దెబ్బ, చుట్టూ తిరిగి వచ్చింది.

"గీ కుండనైతే నేను కొననే కొన," అంది.

"కుండేంది?"

"ఇగో, గీడ సన్నగ పలుకుతుంది. గీడ మొద్దుగ పలుకుతుంది. గీడనైతే అసలే పలుకుతలేదు. ఒక్క కుండకు ఇన్ని గొంతులుంటే అది పగిలిన కుండ."

నజీర్ ఎడమ చెవి పెట్టి విన్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. జైనబ్ బీ ఆయన గడ్డం పట్టుకుని తల అటు తిప్పి, కుడిచెవిని డ్రమ్ము దగ్గరికి తెచ్చి మళ్లీ కొట్టింది. నిజమే. ఆరు బోల్టులు, ఆరు గొంతులు. పాతికేళ్లుగా అవి ఒకదాని మాట ఒకటి వినకుండా కొట్టుకుంటున్నాయి, ఈయన అందరినీ గట్టిగా పట్టుకుంటే చాలనుకున్నాడు.

"చావి ఇటియ్యి," అంది జైనబ్ బీ. "పచ్చడి జాడికి వాసెన గట్టుడు నాకెర్కే. ఇటొక గుంజు గుంజి, దానికి ఎదురుంగ ఒక గుంజు. ఒక్క దిక్కే గుంజితె ఇంకో దిక్కు లేస్తది."

అన్నీ వదులు చేసింది. వేలితో తిప్పినంత మేరకు తిప్పి వదిలేసింది. తర్వాత ఒక బోల్టుకు పావు చుట్టు, ఎదుటి బోల్టుకు పావు చుట్టు, వేలితో టక్కు, మళ్లీ పావు. ఏది తక్కువైతే దానికి కాస్త, ఏది ఎక్కువైతే దానికి ఊరట. నజీర్ చూసి భయపడ్డాడు.

"మరీ గంత వదులా? సప్పుడే రాదు."

"పల్చటి కుండ. గొంతు పిసికితె ఏమంటది? జర ఊపిరి తీస్కోని." కర్ర ఆయన చేతికిచ్చింది. "కొట్టు ఇగ."

నజీర్ నమ్మకం లేకుండా ఒక దెబ్బ వేశాడు. డ్రమ్ము దుమ్మని, లోతుగా, గుండ్రంగా పలికి, చేటలోని నాలుగు బియ్యపు గింజలు కదిలాక గాని ఆగలేదు. ఆయన రెండో దెబ్బ వేయలేదు. కర్ర పట్టుకుని అలాగే కూర్చున్నాడు. హోటల్లో ఆరు నెలలు గోడకు ఆనుకుని విన్న చప్పుడు అది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"పాతికేండ్ల సంది దీంట్లనే ఉన్నదా ఇది," అన్నాడు.

"ఒక్కనాడన్న నన్నడిగినవా?" అంది జైనబ్ బీ.  కొంగుతో ముఖం తుడుచుకుని రెండో డ్రమ్ము ముందుకు జరిగింది.

మేకతోలు డ్రమ్ము అన్నిటికన్నా బాగా పలికింది. పెద్ద డ్రమ్ము మాత్రం కొట్టాక ఎంతసేపటికీ ఊరుకోదు, బావిలో గుండు పడ్డట్టు గుయ్యిమంటూనే ఉంటుంది. జైనబ్ బీ ఆలోచించి లోపలికి వెళ్లి, యాస్మిన్ బిడ్డ కోసం పాత చీరలతో కుడుతున్న బొంత తెచ్చింది. ఒకవైపు తోలు విప్పించి, బొంతను మడిచి లోపల అడుగున పరిచింది. మళ్లీ కొట్టిస్తే ఒక్క గుద్దు, శుభ్రంగా, పొట్టలో తగిలింది.

అయిదింటికి సిద్ధయ్య సారు వచ్చి, నిలబడే రెండు నిమిషాలు విన్నాడు. ఇది అదే సెట్టా అని అడిగాడు. వెనకగదిలోకి తొంగిచూసి వచ్చి మరీ మళ్లీ అడిగాడు. రేపు నాలుగింటికల్లా మైదానంలో ఉండమని చెప్పి వెళ్లాడు.

"నీ చెవికి?" అన్నాడు నజీర్ భార్యతో.

"నా చెవికి మంచిగనే ఉన్నది. గని పిల్ల పండుకునేది చెవిల గాదు, అర్రల," అంది జైనబ్ బీ. "శుక్రవారం శుక్రవారమే." ఆయన ముఖం ఒకసారి చూసి, మళ్లీ బియ్యం చేట అందుకుంది.

గురువారం మైదానం నిండిపోయింది. వేములఘాట్ నుంచి, మర్కూక్ నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. ఆడవాళ్లు ముందువైపు జంపఖానాల మీద కూర్చున్నారు. జైనబ్ బీ బురఖాలో మొదటి వరసలోనే ఉంది. నజీర్ ఉతికిన తెల్లచొక్కాతో స్టేజీ ఎక్కి, ఎర్ర డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. ఆయన పక్కన పర్శరాములు, ఇంకో నలుగురు డప్పులతో నిలబడ్డారు. కింద నుంచి ఎవరో "జపాన్ భాయ్, డబ్బా తెచ్చినవా?" అని అరిచారు. నవ్వులు లేచాయి.

ఆ నవ్వుతో నజీర్ ఒళ్లంతా చల్లబడింది. ఇంతమంది ముందు పలకకపోతే? రేపు బండి వస్తుంది, ఇది మొదటిసారి, ఇదే ఆఖరిసారి.  భయం వేసిన మనిషి చెయ్యి తెలిసిన పనికే పోతుంది. ఆయన చెయ్యి జేబులోకి పోయింది, చావి తీసింది, మేకతోలు డ్రమ్ము బోల్టు మీద పెట్టింది. కిర్రు.

జంపఖానా మీద జైనబ్ బీ మెడ చాచింది. కిర్రు కిర్రు. రెండో బోల్టు. ఆమె లేచింది. పక్కన కూర్చున్న పిల్లలను దాటుకుని, స్టేజీ మెట్ల దగ్గర నిలబడ్డ కమిటీ మనిషి చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యిని తలుపు రెక్కలా పక్కకు నెట్టి, పైకెక్కి, నేరుగా డ్రమ్ముల దగ్గరికి వెళ్లింది. మైదానం మొత్తం గప్‌చుప్ అయింది.

"యాస్మిన్ అబ్బా, చావి," అంది, ఇంట్లో మొగుణ్ణి పిలిచినట్టే పిలిచి, చెయ్యి చాపి.

మైకు దగ్గరే ఉంది. ఆ మాట కాలేజీ గోడల దాకా వినబడింది. నజీర్ నేరం చేసినవాడిలా చావి ఇచ్చేశాడు. జైనబ్ బీ గొంతుక్కూర్చుని, ఆయన బిగించిన బోల్టులు వదులు చేసి, వేలి కణుపుతో చుట్టూ టక్కు టక్కుమని కొట్టి చూసింది. జనం ఇది కూడా ప్రోగ్రాములో భాగమే అనుకున్నారు. ముందు వరసలో ఒక ముసలామె, "మన కుండల జైనబ్ కాదే?" అంది. సిద్ధయ్య సారుకు ఏం చేయాలో తోచక మైకు అందుకుని, "ఇప్పుడు జైనబ్ బీ గారు..." అని మొదలుపెట్టాడు. అంతే, కరెంటు పోయింది. మైకు చచ్చింది, స్పీకర్లు చచ్చాయి. సారు నోరు మాత్రం కాసేపు ఆడింది.

"పోయింది పోనియ్యి. నువ్వు కొట్టు," అంది జైనబ్ బీ. స్టేజీ దిగలేదు, అక్కడే నిలబడింది.

నజీర్ కళ్లు మూసుకుని కొట్టాడు.

మేకతోలు డ్రమ్ము పలికింది. పెద్ద డ్రమ్ము బొంత కడుపులోంచి గుద్దింది. తీగెల డ్రమ్ము చినుకులు పడ్డట్టు అందుకుంది. పర్శరాములు ఒక్క క్షణం విని, చిర్రా చిటికెనపుల్లా రెండు కర్రలూ ఎత్తి డప్పు కలిపాడు. మైకు అవసరం పడలేదు. మైదానం వెనక ట్రాక్టర్ల మీద నిలబడ్డవాళ్లు దూకి ముందుకు వచ్చారు. పాటగాళ్లు ఉత్త గొంతుతో ఎత్తుకున్నారు, జనం అందుకున్నారు, డబ్బా అని అరిచినవాడు అందరికన్నా ముందు గజ్జె లేని కాలితోనే ఆడాడు. ఒక పాట అనుకున్నది అయిదు పాటలయింది. నజీర్ కళ్లు తెరిచి చూస్తే పొద్దుగూకుతోంది, చేతులు మండుతున్నాయి, జైనబ్ బీ ఇంకా పక్కనే ఉంది. తాను ఇంత సంతోషంగా ఎప్పుడైనా ఉన్నానా అని ఆలోచించాడు. గుర్తుకు రాలేదు.

కాని శుక్రవారం ఎవరికోసమూ ఆగదు. జుమ్మా నమాజు ముగించుకుని నజీర్ ఇంటికి వచ్చేసరికి ముస్తఫా తోపుడు బండి గుమ్మంలో ఉంది.

"ఆపా, బండి తెచ్చిన," అన్నాడు ముస్తఫా అక్కతో.

"ఎక్కియ్యి," అంది జైనబ్ బీ.

 నిన్నటి సంగతి చెప్పి బతిమాలదామని నజీర్ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. కాని వెనకగదిలో అప్పటికే మంచం వేసి ఉంది, దుప్పటి పరిచి ఉంది, గోడకు కొత్త సున్నం వాసన వేస్తోంది. దాన్ని చూశాక బతిమాలడం సిగ్గనిపించింది. తానే ఒక్కొక్క డ్రమ్మూ ఎత్తి బండి మీద పెట్టాడు. మేకతోలుది మాత్రం బండి మీద పెట్టలేక చంకలో పట్టుకుని నడిచాడు. జైనబ్ బీ బురఖా వేసుకుని ముందు నడిచింది.

చౌరస్తాలో ముస్తఫా బండిని తన దుకాణం వైపు తిప్పాడు.

"గటేడికి పోతున్నవ్?" అంది జైనబ్ బీ. "పాత బస్టాండుకు తిప్పు."

"బస్టాండుకా? ఆపా, నా దుకాణం..."

"నీ దుకాణం నాకెర్కే. తిప్పమన్న గద."

పాత బస్టాండు దగ్గర రిలే నిరాహార దీక్షల డేరా ఉంది. రోజుకు పదిమంది దండలు వేసుకుని కూర్చుంటారు, మధ్యాహ్నానికి కునుకు తీస్తారు. సిద్ధయ్య సారు ఎదురొచ్చి, డేరాలో ఒక మూల అప్పటికే ఊడ్పించి ఉంచిన జాగ చూపించాడు. పొద్దున్నే జైనబ్ బీ వచ్చి మాట్లాడి వెళ్లిందట. నజీర్‌కు విషయం బోధపడడానికి కాసేపు పట్టింది.

"ఇంట్ల ఉండొద్దన్న. ఉన్నయా?" అంది జైనబ్ బీ. "గీడ జాగ ఉన్నది, వినెటోళ్లున్నరు. రోజు వాయించు. గీళ్లు నిద్ర పోకుంట సూడు."

"ఎన్ని దినాలు?" అన్నాడు నజీర్. 

"తెలంగాణ వచ్చేదాక."

దీక్షలో కూర్చున్న ఒక ముసలాయన నవ్వాడు. ఆ పక్కాయన నవ్వలేదు, అవును అన్నట్టు తలూపాడు. ముస్తఫా ఖాళీ బండి కేసి, డ్రమ్ముల కేసి చూసి ఉసూరుమన్నాడు.

"మరి బొంత?" అన్నాడు నజీర్, పెద్ద డ్రమ్ము మీద చెయ్యి వేసి.

"దాంట్లనే ఉండని. యాస్మిన్ బిడ్డకు ఇంకోటి కుడుత."

అయిదూ అమర్చాక నజీర్ అలవాటుగా చావి కోసం చెయ్యి చాపాడు. జైనబ్ బీ నడుముకున్న తాళాల గుత్తి తీసింది. ఇంటి తాళం, బీరువా తాళం, బియ్యం డబ్బా తాళం. వాటి పక్కన డ్రమ్ముల చావి అప్పటికే వేలాడుతోంది. ఆయనకు ఒకసారి చూపించి, గుత్తిని మళ్లీ నడుముకు దోపుకుంది.

"బిగిచ్చుడు ఒక్కటే తెలిసినోని చేతుల చావి ఉండొద్దు," అంది. "రోజు పదింటికొచ్చి సూస్త. గప్పటిదాక చెయ్యి వెట్టకు."

మరునాడు నజీర్ తొమ్మిదింటికే డేరాకు వచ్చాడు. డ్రమ్ముల వెనక చేతులు కట్టుకుని, కుడిచెవి రోడ్డు వైపు పెట్టి కూర్చున్నాడు.